పట్టేవాడు చూసిన ముఖం

ఎర్నెస్టీన్ డోజియర్ ఫోన్ చేసిన ఆదివారం హోసియా పెట్‌వే చర్చి నుంచి అప్పుడే వచ్చాడు. కోటైనా విప్పకుండా వేయించిన కోడి ముందు కూర్చున్నాడు. ఫోన్ ఎత్తింది అతని భార్య ఒడెస్సా. రెండు ముక్కలు విని, రిసీవర్‌కి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"మహారాణిగారు. నీ పిచర్ పెళ్ళాం."

"ఏమంటుంది?"

"నాతో ఎందుకంటుంది? నేనేమైనా బంతి పట్టానా?"

హోసియా మూతి తుడుచుకుని లేచాడు. ఒకప్పుడు హోసియాకి బంతులు విసిరిన ఎల్బర్ట్ డోజియర్ పోయి ఎనిమిదేళ్ళు దాటింది. సమాధి దగ్గర పలకరించుకున్నాక మళ్ళీ ఎర్నెస్టీన్ గొంతు వినడం ఇదే.

"హోసియా, వాళ్ళు ఆయన్ని తీసుకుంటున్నారు. ఆగస్టులో," అందామె.

వాళ్ళంటే ఎవరో అడగనక్కర్లేదు. జీవితంలో ఒక్కసారైనా బేస్‌బాల్ పట్టుకున్న వాడికి ఆ మ్యూజియం సంగతి తెలుసు. ఉత్తరాన న్యూయార్క్ రాష్ట్రంలో, సరస్సు ఒడ్డున చిన్న ఊళ్ళో ఉంటుంది. పాత బ్యాట్లు, చిరిగిన గ్లౌజులు, ఎవరెవరో వేసుకున్న చొక్కాలు అద్దాల వెనక పెడతారు. మహామహుల ముఖాలు మాత్రం కంచులో పోతపోసి పెద్ద హాల్లో గోడకి బిగిస్తారు. చాలాకాలం ఆ గోడ నిండా తెల్లవాళ్ళే. ఈమధ్యనే, ఆలస్యంగా వచ్చిన చుట్టాలకి వరండాలో కుర్చీ వేసినట్టు, నల్లవాళ్ళ జట్లలో ఆడినవాళ్ళని ఏడాదికొకరిని, ఇద్దరిని చేర్చడం మొదలుపెట్టారు.

"మంచి మాట," అన్నాడు హోసియా.

"బొమ్మ చేసే ఆవిడకి ముఖం కుదరట్లేదట. వయసులో ఉన్నప్పటి ఫోటోలు మూడే దొరికాయి. మూడింట్లోనూ టోపీ నీడ కళ్ళ మీదే. పెళ్ళి ఫోటో ఇల్లు కాలినప్పుడు పోయింది. తర్వాతవి ఎందుకూ, తాగి ఉబ్బిన ముఖాలు. నువ్వు వెళ్ళి కాస్త చెప్పు."

"కట్టుకున్నదానివి నువ్వు. నేను చెప్పేదేముంది?"

"నేను చూసింది వంటింట్లో. వాళ్ళకి కావాల్సింది బంతి విసిరేటప్పటి ముఖం. జట్టు మొత్తం ఆయన వీపు చూసింది, హోసియా. ఎదురుగా కూర్చుని చూసింది నువ్వొక్కడివే."

ఆలోచిస్తానని ఫోన్ పెట్టేశాడు. కోడి చల్లారిపోయింది. ఒడెస్సా పళ్ళెం తీసి కోడిని మళ్ళీ పెనం మీద వేస్తూ, వెనక్కి తిరక్కుండానే అంది:

"వెళ్ళాలనిపిస్తే ముందు నీ చెయ్యి ఒకసారి చూసుకుని వెళ్ళు."

హోసియా కుడిచెయ్యి చూసేవాళ్ళకి కొత్తగా ఉంటుంది. బొటనవేలు బయటికి విరుచుకుపోయి ఉంటుంది. దాని పక్క రెండు వేళ్ళు ఒకదాని మీదికొకటి ఎక్కి, చలిలో ముడుచుకున్న పక్షి కాలులా ఉంటాయి. ఉక్కు కర్మాగారంలో కొత్తగా చేరిన కుర్రాళ్ళు యంత్రంలో పడి నలిగిందనుకుంటారు. అతను కాదనడు.

అది మెంఫిస్‌లో జరిగింది. రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన మరుసటి వేసవి. హోసియా అప్పుడు బెస్సెమర్ హామర్స్ జట్టుకి క్యాచర్, బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని పిచర్ విసిరిన బంతి పట్టేవాడు. ఎల్బర్ట్ బంతి పట్టగలిగినవాడు దక్షిణాదిలో అతనొక్కడే అని పేరు. ఎల్బర్ట్ విసిరితే బంతి కనపడేది కాదు, వినపడేది. ఇద్దరూ బస్సులో ఒకే సీటు, బయట ఒకే డబ్బాలో సార్డీన్లు, హోటళ్ళు రానివ్వని ఊళ్ళలో ఒకే దుప్పటి.

ఆ సాయంత్రం వైరు తెర వెనక గడ్డి టోపీ పెట్టుకున్న తెల్లాయన ఒకడు వచ్చి కూర్చున్నాడు. మేనేజర్ గ్రేడీ హోసియాని పక్కకి పిలిచి చెవిలో చెప్పాడు. "తెల్లవాళ్ళ పెద్ద లీగు మనిషి. పిచర్ కోసం రాలేదు. పిచర్లు వాళ్ళకి బోలెడుమంది. క్యాచర్ కావాలట. నీ కోసమేరా వచ్చింది. తలకాయ తిన్నగా పెట్టుకుని ఆడు."

అప్పట్లో హోసియాకి కడుపులో మాట దాగేది కాదు. నేరుగా వెళ్ళి ఎల్బర్ట్‌కే చెప్పాడు.

ఎల్బర్ట్ బూటు లేసు కట్టుకుంటున్నాడు. తలెత్తి, "పెద్దవాడివైపోతున్నావన్నమాట. మమ్మల్ని గుర్తుపెట్టుకో," అన్నాడు. నవ్వుతున్నట్టే అన్నాడు.

ఆట సగం దాటాక, ఒక బ్యాటర్ ఎదురుగా ఉండగా, హోసియా కాళ్ళ మధ్య రెండు వేళ్ళు చూపించాడు. ఒక వేలంటే సూటి బంతి, రెండంటే మెల్లగా మెలిక తిరిగి పడే బంతి. ఎల్బర్ట్ తల ఊపాడు. వచ్చింది మాత్రం సూటి బంతి, అతని చేతిలో ఉన్నంత వేగంతో. మెలిక కోసం కిందికి దింపిన గ్లౌజు పైకి లేచేలోపు, ఏ తొడుగూ లేని కుడిచేతికి తగిలింది. ఆ శబ్దం ఆఖరి బెంచీ దాకా వినపడిందని తర్వాత అన్నారు. గడ్డి టోపీ మనిషి తర్వాతి బ్యాటర్ వచ్చేదాకా కూడా ఆగలేదు.

"ఎండ కళ్ళల్లో పడిందిరా. ఒక వేలే కనపడింది," అన్నాడు ఎల్బర్ట్, డాక్టరు గుమ్మం దగ్గర.

"పోన్లే," అన్నాడు హోసియా.

ఆ వేసవే పెద్ద లీగు వాళ్ళు వేరే క్యాచర్‌ని వెతుక్కున్నారు. ఎముకలు అతుక్కున్నాక హోసియా తిరిగొచ్చాడు. పరుగు తీసేవాణ్ణి ఆపడానికి రెండో బేస్‌కి తిన్నగా విసరలేకపోయాడు. కానీ పట్టడానికి ఎడమచెయ్యి చాలు. ఇంకో ఆరేళ్ళు ఎల్బర్ట్ బంతులే పట్టాడు. ఎవరడిగినా ఎండ అనే చెప్పాడు. ఒడెస్సాతో కూడా అదే అన్నాడు. ఆవిడ నమ్మలేదు. ఆ రోజు ఆవిడ మెంఫిస్ మైదానంలోనే ఉంది, గొడుగు మర్చిపోయి వచ్చానని మబ్బుల కేసి చూసి తిట్టుకుంటూ.

ఎల్బర్ట్‌ని నలభై దాటాక ఒక తెల్ల జట్టు పిలిచి రెండు సీజన్లు ఆడించింది. ఆ రెండు సీజన్ల వల్లే పత్రికలకి అతని పేరు తెలిసింది.

వెళ్ళనని ఒడెస్సాకి చెప్పిన వారానికే హోసియా బస్సెక్కాడు. ఎందుకెక్కాడో అతనికీ తెలియదు. ఒక మనిషి ముఖం తనకి తప్ప లోకంలో ఎవరికీ తెలియదంటే, ఆ మాటలో ఏదో లాగే గుణం ఉంది.

శిల్పి పేరు మిస్ వైస్. నడివయసు, పొట్టి మనిషి, మోచేతుల దాకా మట్టి. ఊరి చివర పాత గొడ్లసావిడిలో ఆమె పని. మ్యూజియం తరఫున మిస్టర్ థార్న్‌టన్ అనే పెద్దమనిషి అతన్ని అక్కడికి తీసుకొచ్చి దింపాడు. పొడుగ్గా, మర్యాదగా, ప్రతి మాటకీ ముందు చిన్న చిరునవ్వుతో ఉంటాడు. స్టాండ్ మీద మట్టి ముఖం ఉంది.

"మొహమాటం లేకుండా చెప్పండి, మిస్టర్ పెట్‌వే. ఏం తేడా ఉంది?" అంది మిస్ వైస్.

హోసియా చుట్టూ తిరిగి చూశాడు. "చక్కగా ఉందమ్మా. ఇతనెవరో మాత్రం నాకు తెలియదు."

ఆమె పెద్దగా నవ్వి, ఆ ముఖం బుగ్గ మీద ఒక్క గుద్దు గుద్ది సొట్ట పెట్టింది. ఆ క్షణంలో హోసియాకి ఆమె నచ్చింది.

మొదట్లో కుదరలేదు. నుదురు వెడల్పు, దవడ బరువు, చెవులు చెప్పాడు. అన్నీ విడివిడిగా సరిపోయాయి, కలిపితే పరాయివాడే. చివరికి హోసియాయే అన్నాడు: "ఇంత దగ్గర్నుంచి వాణ్ణి నేను ఎప్పుడూ చూడలేదు. ఆ మూలకి జరపండి."

ఇద్దరూ కలిసి స్టాండ్‌ని సావిడి అవతలి గోడ దాకా జరిపారు. హోసియా ఇవతల గోడ దగ్గరికి వచ్చి, కోటు విప్పి, నెమ్మదిగా గొంతుక్కూర్చున్నాడు. మోకాళ్ళు చిటపటమన్నాయి. అలా కూర్చుని ఏళ్ళయింది. తలెత్తి చూశాడు.

"ఎడమ కన్ను కొంచెం మూయండి. అంత కాదు. ఆ... గడ్డం దించండి. కింది పెదవి లోపలికి, పంటి కింద పెట్టుకున్నట్టు. కనుబొమలు ముడవకండి, నున్నగా ఉండాలి. నున్నగా."

ఆమె చేతులు గబగబా ఆడాయి. హోసియా చెప్తూనే ఉన్నాడు, ఆలోచించకుండా, మాటలు వాటంతటవే వస్తున్నాయి. చివరికి ఆమె పక్కకి తప్పుకుంది.

అవతలి గోడ దగ్గర ఎల్బర్ట్ నిలబడి ఉన్నాడు. మామూలు ఎల్బర్ట్ కాదు. మెంఫిస్‌లో తల ఊపి, చెయ్యి వెనక్కి తీసి, బంతి వదలబోయే ముందు హోసియా కళ్ళల్లోకి చూసిన ఎల్బర్ట్. ఎండ లేదు. పొరపాటు లేదు. కోపం కూడా లేదు. గొడ్డుకి ఎక్కడ వాత పెట్టాలో చూసుకునేవాడి ముఖం.

"ఇదే," అన్నాడు హోసియా. మిస్ వైస్ వచ్చి చంక కింద చెయ్యేసి లేపింది.

"ఎంత ఏకాగ్రత ఆ చూపులో," అంది ఆమె, బొమ్మ మీంచి కళ్ళు తిప్పుకోలేక.

మర్నాడు ఎర్నెస్టీన్ వచ్చింది. మిస్టర్ థార్న్‌టన్ కారు తలుపు తీసి పట్టుకుంటే, ఊదారంగు టోపీ, చేతి తొడుగులతో దిగింది. ముసలితనం ఆమెని వంచలేదు, ఎండబెట్టింది. గుమ్మంలోంచి బొమ్మని చూసి అక్కడే ఆగిపోయింది. తర్వాత థార్న్‌టన్‌తో మెల్లగా, "మమ్మల్ని కాసేపు ఇక్కడ వదిలెయ్యండి," అంది. వాళ్ళు బయటికి వెళ్ళారు.

"ఈ ముఖం ఎక్కడ చూశావు నువ్వు?" అని అడిగింది.

"మెంఫిస్‌లో."

ఆమె బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. తొడుగులు ఒక్కో వేలూ లాగి తీసింది.

"నా మీద చెయ్యి చేసుకునే ముందు ఇలాగే చూసేవాడు. అరుపు ఉండదు. తూకం వేసుకున్నట్టుంటుంది, అంతే. ఇది ఇంకెవరూ చూసి ఉండరనుకున్నాను."

హోసియా ఆమె చేతుల వైపు చూశాడు. ఇన్నేళ్ళూ ఆమె పొడుగు చేతుల గౌన్లు చూసి ఒడెస్సా 'మహారాణి' అనేది.

"మెంఫిస్ నుంచి వచ్చిన రోజు పెట్టె కూడా దించలేదు," అంది ఎర్నెస్టీన్. "గుమ్మంలో నిలబడే చెప్పాడు. 'హోసియా ఎక్కడికీ పోడు. వాడు పోతే నా బంతి ఎవడు పడతాడు?' అన్నాడు. తర్వాత అన్నం పెట్టమన్నాడు."

"నీకు తెలుసు."

"తెలుసు."

"మీ చిన్నమ్మాయి బాప్టిజానికి నేను నీ బల్ల దగ్గర కూర్చుని తిన్నాను, ఎర్నెస్టీన్. అప్పటికి నా చేతికి కట్టు కూడా విప్పలేదు. మాంసం నువ్వే కోసి పెట్టావు."

"కోసి పెట్టాను. ఏం చెప్పమంటావు? చెప్తే నువ్వు జట్టు వదిలేసేవాడివి. నువ్వు లేకపోతే ఆయన లేడు. నాకు ముగ్గురు పిల్లలు."

"నాకూ ఇద్దరున్నారు."

బయట థార్న్‌టన్ సరస్సులో చేపల గురించి మిస్ వైస్‌కి ఏదో చెప్తున్నాడు. ఎర్నెస్టీన్ తొడుగులు మడిచి బల్ల మీద పెట్టి అంది:

"ఆగస్టులో నా మనవలు వస్తారు. వాళ్ళు పుట్టాక ఆయన మెత్తబడ్డాడు. వాళ్ళకి తెలిసిన తాత వేరు. ఈ ముఖం గోడ మీద పెట్టనివ్వకు. నవ్వుతున్నట్టు చెయ్యమను."

"వాడు మైదానంలో నవ్వగా నేను చూడలేదు."

"ఎక్కడా పెద్దగా చూడలేదు నేనూ. అయినా అడుగుతున్నాను."

"నువ్వే చెప్పుకో."

"ఆవిడ నా మాట వినదు. నీ మాటే పట్టుకుంది."

హోసియా మళ్ళీ బొమ్మ వైపు చూశాడు. జాలి కలగలేదతనికి, ఆమె మీద గానీ తన మీద గానీ. ఒకటే ఆలోచించాడు. ఈ ముఖం కంచులో పోస్తే జనం వచ్చి దీని ముందు నిలబడి, ఎంత ఏకాగ్రత, ఎంత పట్టుదల అంటారు. పిల్లల్ని ఎత్తుకుని చూపిస్తారు. అదీ వీడికే దక్కుతుంది. అతను బయటికి నడిచాడు.

"అమ్మా, నేను నిన్న చెప్పింది తప్పు," అన్నాడు మిస్ వైస్‌తో. "ముసలివాణ్ణి, జ్ఞాపకం కలగాపులగమైపోయింది. వాడు నవ్వుతూ విసిరేవాడు. ఆవిడ ఎలా చెప్తే అలా చెయ్యండి."

మిస్ వైస్ అతని ముఖంలోకి తేరిపార చూసింది. "మీరు అబద్ధం చెప్తున్నారు, మిస్టర్ పెట్‌వే."

"అవునమ్మా," అన్నాడు హోసియా.

థార్న్‌టన్ మాత్రం సంతోషించాడు. నవ్వు ముఖమైతే సందర్శకులు దగ్గరికి వస్తారన్నాడు.

ఆగస్టులో హోసియా, ఒడెస్సా ఇద్దరూ వెళ్ళారు. మ్యూజియం వెనక పచ్చికలో తెల్ల కుర్చీలు వేశారు. వేదిక మీద ఎర్నెస్టీన్, కూతుళ్ళు, చిన్న చిన్న టైలు కట్టుకున్న మనవలు. థార్న్‌టన్ ఎల్బర్ట్ గురించి చాలా చక్కగా మాట్లాడాడు. బస్సు ప్రయాణాల గురించి, రానివ్వని హోటళ్ళ గురించి చెప్పినప్పుడు జనం తలలు వంచుకున్నారు. తర్వాత వాళ్ళని తేలికపరచడానికన్నట్టు గొంతు మార్చాడు.

"ఆయన బంతి ఎంత వేగంగా వచ్చేదో తెలుసా? సొంత క్యాచర్ చేతి ఎముకలే విరిగాయి."

పచ్చికంతా నవ్వులు, చప్పట్లు.

"ఆ క్యాచర్ ఈ రోజు మన మధ్యే ఉన్నారు. మిస్టర్ హోసియా పెట్‌వే, దయచేసి లేచి ఆ చెయ్యి అందరికీ చూపిస్తారా?"

ఒడెస్సా అతని మోకాలు మీద గట్టిగా నొక్కింది. "లేచావంటే చూడు," అంది పళ్ళ మధ్య నుంచి.

హోసియా కదల్లేదు. చప్పట్లు ఆగలేదు. వేదిక మీంచి ఎర్నెస్టీన్ అతని వైపు ఒకసారి చూసి, తల తిప్పి మనవడి టై సర్దింది. పక్క కుర్చీలో ఉన్న తెల్ల ముసలావిడ అతనికి చెవుడనుకున్నట్టుంది. వంగి, చెవి దగ్గర నోరు పెట్టి, "మిమ్మల్నే పిలుస్తున్నారు నాయనా," అని గట్టిగా చెప్పి, ఎంతో ప్రేమగా మోచెయ్యి పట్టి పైకి లాగింది. హోసియా లేచాడు. చెయ్యి ఎత్తాడు. కెమెరాలు టకటకమన్నాయి. చప్పట్లు రెట్టింపయ్యాయి.

తర్వాత జనాన్ని వరసగా హాల్లోకి వదిలారు. గోడ మీద కొత్త కంచు పలక మెరుస్తోంది. అందులో ఎవరో పెద్దమనిషి, ఆదివారం బడిలో పాఠం చెప్పేవాడిలా నవ్వుతున్నాడు. కింద అక్షరాలు చదువుతూ ఒడెస్సా ఒక వరస దగ్గర వేలు ఆపింది. ఆ వేగానికి క్యాచర్ల ఎముకలు విరిగేవని రాసి ఉంది. విరిగేవట, రోజూ జరిగే పనిలా.

ఒడెస్సా ముఖం చూసి హోసియా ఆమెని బెంచీ మీద కూర్చోబెట్టాడు. థార్న్‌టన్‌ని వెతుక్కుంటూ వెళ్ళాడు. అతను పండ్లరసం గ్లాసుతో ఎవరో సెనేటరు పక్కన ఉన్నాడు.

"ఆ ఎముకల మాట తీసేయండి సార్."

"కంచులో పోసేశాం కదా, మిస్టర్ పెట్‌వే. పైగా అది మీకు గౌరవం. ఒక రకంగా ఆ గోడ మీద మీరు కూడా ఉన్నట్టే. అది మేం కల్పించింది కాదు. డోజియర్ గారే ఒక విలేఖరికి చెప్పారు, పాత పత్రికలో దొరికింది. ఎంతో ముచ్చటగా చెప్పారు."

ముచ్చటగా చెప్పుకున్నాడన్న మాట. ముప్ఫై ఏళ్ళు భార్యకి కూడా చెప్పని మాట అప్పుడు నోట్లోంచి వచ్చింది, పెద్దగా కాదు, మామూలు గొంతుతోనే.

"వేగం వల్ల కాదు సార్. నేను వాణ్ణి వదిలి పెద్ద లీగుకి పోతానని కావాలని కొట్టాడు."

థార్న్‌టన్ ఒక క్షణం కళ్ళార్పి, తల వెనక్కి వేసి హాయిగా నవ్వాడు. సెనేటరు భుజం తట్టి, "విన్నారా? ఈ పాత ఆటగాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఎలా ఏడిపించుకుంటారో. క్యాచర్ల నాలుక మహా పదును," అన్నాడు. సెనేటరు కూడా నవ్వి, హోసియా చెయ్యి అందుకుని ఊపాడు. ఆ చెయ్యే.

బయట గేటు దగ్గర మిస్ వైస్ ఒంటరిగా సిగరెట్ కాలుస్తోంది. అతన్ని చూసి పారేసింది.

"ఆ రోజు మీరు చెప్పిన ముఖం పోలేదు. దాన్ని నవ్వుముఖంగా మార్చే ముందు అచ్చు తీసి పెట్టాను," అంది. "మీకు కావాలంటే పంపిస్తాను."

"వద్దు. పగలగొట్టండి."

"పగలగొట్టలేను. ఈ చేతులతో అంత మంచి పని నేనింకోటి చెయ్యలేదు."

హోసియాకి ఆమె మీద కోపం రాలేదు. నిజం చెప్పింది. "అయితే ఉంచుకోండి," అన్నాడు. "ఎవరని అడిగితే మాత్రం పేరు చెప్పకండి."

బస్సులో ఒడెస్సా కిటికీ పక్కన కూర్చుంది. చాలా ఊళ్ళు దాటాయి. చివరికి, "చెప్పావా ఆ థార్న్‌టన్‌కి?" అంది.

"చెప్పాను."

"అయితే తీసేస్తాడా?"

"తియ్యడు."

ఆమె చేతిసంచీలోంచి కాగితంలో చుట్టిన రొట్టె, పంది మాంసం తీసి సగం విరిచి అతనికిచ్చింది. అతను ఎడమచేత్తో అందుకున్నాడు. ఆకలి లేకపోయినా తిన్నాడు.